ఏడో కిటికీ చెక్క

ఆస్బర్ట్, అత్తమ్మ గది కిటికీకి కొట్టిన చెక్క విప్పకు, ముట్టుకోకు. బీమా మనిషి రెండింటికి పెంబర్టన్ గారింటికి వస్తున్నాడు. తాళాలు తీసుకుని వెళ్తున్నాను. తర్వాత అతన్ని ఇక్కడికే తీసుకొస్తాను.

పొద్దున బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లి ఆ చెక్క మీద "7" చూశాను. అది నా రాతే! ఏటా తుఫానుల ముందు పెంబర్టన్ గారి కిటికీలకు కొట్టే చెక్కలకు అంకెలు వేసేది నేనేగా. ఈ తుఫానుకు ముందు "అన్నీ బిగించేశాను, నిశ్చింతగా ఉండు" అన్నావు. నీ మాట నమ్మి, కెనడాలో ఉన్న పెంబర్టన్ గారి తరఫున, కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టామని బీమా కాగితం మీద సంతకం పెట్టాను. ఏడో చెక్కను గాలి పీక్కెళ్లిందనుకున్నాను. ఆ కిటికీలోంచే గాలి దూరి వాళ్ల ఇంటికప్పు లేచిపోయింది.

అత్తమ్మ మంచం మీద చినుకైనా పడలేదని నేను దేవుడికి దండం పెట్టుకుంటే, పక్కనే కూర్చుని ఆమెన్ అన్నావు కదయ్యా!

ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. వాళ్ల ఇల్లు చూసుకునే పని పోతే పోనీ.

కుండలో ఉప్పుచేప కూర ఉంది, అత్తమ్మకు పెట్టు. ఆమెకు ఇవేమీ చెప్పకు, ముద్ద దిగదు.

ఇయొనా

దీవిలో చెక్క దొరకలేదని నాతో ఒక్క మాట అంటే, మన మంచం విప్పి పలకలు ఇచ్చేదాన్ని.