వేడి అన్న మాట

అక్కా,

నువ్వు పోయిన పదేళ్లకు నీ కూతురు సునీత కూడా పొత్తికడుపు పట్టుకుని శనక్కాయ చేలో కూలబడింది. నీలాగే జ్వరం, తెల్లబట్ట. అమ్మ నోట మళ్లీ అదే మాట.

"వేడి చేసినాదిలే పాపకు. మెంతులు నానబెట్టియ్యి, తగ్గిపోతాది."

నీకూ వేడే అన్నారు. నువ్వు రెండు నెలలు మెంతులు మింగావు. లోపల చీముగడ్డ పగిలేదాకా నిన్ను ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు.

"ఇంకోతూరి ఆ మాటన్నావంటే ఈ ఇంట్లో అడుగు పెట్టను" అని అమ్మకు చెప్పి, సునీతను బస్సెక్కించి అనంతపురం తీసుకెళ్లాను. డాక్టరమ్మ స్కాన్ చూసి, గర్భసంచి గొట్టాలు ఇన్ఫెక్షన్ సోకి వాచిపోయాయని చెప్పింది. పద్నాలుగు రోజుల మాత్రలతో తగ్గుతుందట. పద్నాలుగు రోజులే అక్కా. మొగుడు కూడా వేసుకోవాలట, లేకపోతే ఆయన నుంచి మళ్లీ అంటుకుంటుందట.

నీ అల్లుడు మాత్రల వైపు చూసి నవ్వాడు. "నాకేం వేడి లేదు గదా చిన్నత్తా."

"నోరు తెరువప్పా" అన్నాను.

రోజూ ఎదురుగా నిలబడి మింగిస్తున్నాను. నీకు మెంతులు నానబెట్టి ఇచ్చిన చేత్తోనే.