డ్రమ్స్ లేని పాట

రమణా,

మన బ్యాండు ఆల్బం ఇన్నేళ్లకు ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. నిన్న దమ్మామ్‌లో తెలుగువాళ్ల విందులో అందరూ దాని గురించే మాట్లాడారు. వరంగల్ ఇంజనీరు ఒకతను నా చెయ్యి పట్టుకుని, "ఆఖరి పాటల డ్రమ్స్ తీసేసిండ్రు చూడు, మస్తుందన్నా!" అన్నాడు.

తీసేశామట!

గల్ఫ్ యుద్ధం ముంచుకొస్తోందని అందరూ కువైట్ సరిహద్దు ఊరు ఖఫ్జీ వదిలి వస్తుంటే, నువ్వు డ్యూటీ ఉందని తిరిగి వెళ్లావు. "మీరు పాడి రికార్డు చేసెయ్యండ్రా. నా ట్రాక్ ఖాళీగా ఉంచండి, వచ్చి వాయిస్తా" అన్నావు. ఆ ఊరి మీద గుండ్లు పడ్డాక నీ జాడే తెలియలేదు.

అదంతా విప్పకుండా అతనికి థాంక్స్ చెప్పాను. ఈలోగా పక్కనున్నాయన, "కావాలంటే కంప్యూటర్లో డ్రమ్స్ కలిపిస్తానండీ" అన్నాడు. అప్పుడు మాత్రం చెప్పేశాను.

"వద్దండీ. ఆ ట్రాక్ మావాడిది. వచ్చి వాయిస్తానన్నాడు."