ఇంజనీరు గారి ఆవిరి చేప

అక్కా, నేను క్షేమం, నా వంట ఉద్యోగమూ క్షేమమే. ఎవరేం చెప్పినా నమ్మకు.

మా వంతెన ఇంజనీరు గారికి డాక్టరు నూనె మాన్పించాడని రాశాను కదా, నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున్నే వలలో పడ్డ ఏటి చేపకి ఉప్పు, మిరియాలు, అల్లం పట్టించి, చుక్క నూనె లేకుండా ఆవిరి మీద ఉడికించాను. పనివాళ్లకి మామూలుగా వేపుడు. "ఇది ఇంజనీరు గారికి ప్రత్యేకం, ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి నీళ్లకి వెళ్లొచ్చేసరికి గిన్నెలో ముళ్లే మిగిలాయి! మేస్త్రీ మూతి తుడుచుకుంటూ, "ఇంత కమ్మటిది ఆయనొక్కడికేనా? రేపట్నుంచి మాకూ ఇదే చెయ్యి" అన్నాడు.

చిన్నదాని దగ్గు తగ్గిందా? నా ఉన్ని బనీను ఎవరిచేతనైనా పంపు. నూనె లేని పద్ధతి ఇంకోటి రాయి, ఈసారి ఇరవైమందికి సరిపడా కొలతలతో. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

చోటు చాలక అంచున రాస్తున్నాను. ఇంజనీరు గారికి ఆ వేపుడే భయపడుతూ వడ్డించాను. నాలుగు ముక్కలు లాగించి, చెయ్యి కడుక్కుంటూ నా చెవిలో అన్నారు: "రేపు కూడా గిన్నెకి కాపలా ఉండకు."

నీ తమ్ముడు