నేను తిరగని సైప్రస్

అల్ ఖోబర్, సౌదీ,
20 ఫిబ్రవరి 1991.

లింబాద్రీ,

నువ్వు క్షేమమని నాకు తెలుసు. నా క్షేమం నీకు అక్కర్లేదు కాబట్టి రాయను.

ఇరాక్ మిస్సైల్ పడగానే మనల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ పెళ్లాంపిల్లలతో సైప్రస్ దీవికి పారిపోయాడు. వంటకని నిన్ను తీసుకుపోయి, విల్లా కాపలాకు నన్ను వదిలాడు. అది నీ తప్పు కాదు. కానీ "బావ, నేను ఇద్దరం ఈడ్నే ఉన్నం. దినాం సముద్రం ఒడ్డుకు తిరుగుతున్నం" అని మీ అక్కకు కార్డు రాయమని నీకెవడు చెప్పాడురా?

ఆమెకు తెలిసిన చిరునామా ఇదొక్కటే కాబట్టి నిన్న ఆమె ఉత్తరం ఇక్కడికే వచ్చింది. "రేడియోల లడాయి ముచ్చట విని నాలుగొద్దులు ముద్ద దిగలే. తమ్ముని కార్డు సదివించుకున్నంక కడుపునిండ తిన్న. ఆ దేశం ఎట్లుంటదో అన్ని రాయి" అని అడిగింది.

ఏడో నెల మనిషికి ఇప్పుడు నిజం ఎలా రాయను? సైరన్ మోగినప్పుడల్లా విషవాయువు భయానికి ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మెట్ల కింద కూర్చుంటున్నానని రాయనా?

నీ మొహం నాకు చూపించకు. జవాబు మాత్రం వెంటనే రాయి. మీరు తిరిగిన ఊళ్ల పేర్లేమిటో, చేలల్లో ఏం పండుతుందో, ఇసుక ఏ రంగో, నీళ్లు చల్లగా ఉంటాయో లేదో ఒక్కటీ వదలకు. అబద్ధం కలిపావంటే ఊరుకోను. మీ అక్క దగ్గర నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

ఈలోగా నాకేమైనా అయితే, కాన్పు అయ్యేదాకా నా పేరుతో ఆమెకు నువ్వే రాస్తూ ఉండు. ఆ పని నీకు బాగా వచ్చు కదా.

నీ బావ