చివరి మడత

జూన్ 6, జగ్గయ్యపేట
నాన్న పోయి ఆరో రోజు. గుమ్మం పక్కన ఆయన బూట్లు ఇంకా మెరుస్తున్నాయి. పక్కనే నా చెప్పులు... పోయిన నెల వచ్చినప్పుడు అవీ తుడిచి పెట్టాడు. వద్దు నాన్నా అంటే, మిలటరీ అలవాటమ్మా, పోదు అన్నాడు.

జూన్ 7
కీసర నుంచి మేనత్త వచ్చింది. అందరూ నాన్న మంచితనమే చెప్పుకుంటున్నారు. రిటైరై వచ్చిన దగ్గర్నుంచీ రోజూ అమ్మకి కాఫీ కలిపిచ్చిన మనిషి. అమ్మ కళ్లు తుడుచుకుంటూ అత్తతో అంది —
"ఏ లోటూ చెయ్యలేదు వదినా. ఆ మిలటరీ క్వార్టర్స్‌కి ఒక్కసారన్నా రమ్మనలేదు, అంతే. చదువు రానిదాన్నని మొహమాటపడ్డారేమో."
లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

జూన్ 8
ఇక్కడైనా రాయాలి.
రమ్మన్నాడు. నాకప్పుడు పదేళ్లు. నాన్న ఉత్తరాలు అమ్మకి నేనే చదివి పెట్టేదాన్ని. నీలం ఇన్‌లాండ్ లెటరు, చివరి మడతలో — "క్వార్టర్స్ ఇచ్చారు. మీరిద్దరూ వస్తే మూడేళ్లు కలిసి ఉండొచ్చు. ఏమంటావో అమ్మాయి చేత రాయించు."
ఆ వారమే స్కూల్లో నన్ను డాన్సులో ముందు వరసలో పెట్టారు. ఊరు వదిలితే అది పోతుంది. ఆ వాక్యాలు దాటేసి, "పిల్లకి ముద్దులు" అని చదివేశాను.
డాన్సు కోసం.

జూన్ 9
జవాబూ నేనే రాశాను, అమ్మ చెప్తుంటే. గేదె ఈనిందని, వానలు లేవని. నాన్న మళ్లీ రాశాడు — "రాలేనంటే బలవంతం లేదు. ఇక ఆ మాట ఎత్తను." అదీ మింగేశాను.
నిజంగానే ఎత్తలేదు, సెలవుకి వచ్చినప్పుడు కూడా. మీ అమ్మకి పేట దాటితే ఊపిరాడదు అని మాత్రం నవ్వుతూ అనేవాడు. అమ్మా నవ్వేది. నేనూ నవ్వాను, ఇన్నేళ్లూ. సిగ్గు లేదు నాకు.

జూన్ 10
చెప్పాలి. చెప్తే ఏం మిగులుతుంది అమ్మకి?

జూన్ 11
పెద్దకర్మ అయింది. రేపు బళ్లు తెరుస్తారు, నందిగామ వెళ్లాలి. అబద్ధమాడకూడదని పిల్లలకి చెప్పే పంతులమ్మని.

సాయంత్రం
అమ్మ అటక మీది ట్రంకు పెట్టె దింపించింది. మూత మీద తెల్ల పెయింటుతో నాన్న పేరు, నంబరు. ఉత్తరాలన్నీ వచ్చిన వరసలోనే దాచింది, ఒక్కటీ పోలేదు. వెళ్లేలోపు కాసిని చదివి పెట్టమంది. ఆయన ఇంట్లో ఉన్నట్టుంటుందట.
అమ్మ మధ్యలోంచి తీసిచ్చిన కట్టలో రెండు చదివాను. మూడోది అదే. చివరి మడత దగ్గరికొచ్చి, "పిల్లకి ముద్దులు" అన్నాను. మళ్లీ.
అమ్మ ఉత్తరం తీసుకుంది. రిటైరయ్యాక నాన్న ఆమెకి అక్షరాలు నేర్పాడు, బస్సు బోర్డులు కూడబలుక్కునేంత. కళ్లజోడు పెట్టుకుని ఆ మడత మీద వేలు ఆనించింది.
"ఇది కా కాదుగా. కింద వ వత్తుంది... క్వా. తర్వాతదేంటే?"
మంచినీళ్లు తాగొస్తానని లేచి వచ్చి ఇది రాస్తున్నాను. తలుపు సందులోంచి కనిపిస్తోంది అమ్మ. వేలు ఇంకా తియ్యలేదు.