దవడ నొప్పికి గట్టి తొడుగు

నాన్నగారికి, నేను బాగున్నాను. ఇన్నాళ్లకు ఈ మాట నిజంగా రాస్తున్నాను.

ఈ ఉదయం లేవగానే నోరారా ఆవలించాను! చెవి దగ్గర టక్కుమనలేదు, ప్రాణం విలవిల్లాడలేదు. మొన్నామధ్య బస్టాండు మైకులో బస్సు వివరం చెబుతుండగానే దవడ పట్టేసి, మాట సగంలో ఆగిపోయింది. "ఇలాగైతే నిన్ను పార్సిళ్ల గదిలో కూర్చోబెట్టాలమ్మా" అన్నారు మేనేజరు. నిద్రలో పళ్లు కొరకడం వల్లే ఈ నొప్పని తెలిసి, ఆ బెంగతో మందుల షాపులో పళ్లకు తొడిగే మెత్తటి మౌత్‌గార్డ్ కొని పెట్టుకుంటే, నిద్రలో దాన్నీ నమిలి పారేశాను. చివరికి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా పళ్ల అచ్చు తీసి, "మెత్తగా ఉంటే నీ పళ్లు నమలడానికే చూస్తాయి. గట్టిదైతే మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ దవడకు ఊరట. ఏది చేయించమంటావు?" అన్నారు. గట్టిదే అన్నాను. కొన్నాళ్లు నోట్లో గాజుగిన్నె పెట్టుకున్నట్టే ఉంది. ఇప్పుడు నా మైకు నాదే!

మీరూ నిద్రలో పళ్లు కొరుకుతున్నారని, పొద్దున్నే దవడ నొక్కుకుంటున్నారని అమ్మ చెప్పింది. వయసు మీదికి నెట్టేయకండి. షాపులోది కొనకండి, ఇక్కడికి రండి, మీ అచ్చు కూడా తీయిద్దాం. వంటింటి కుళాయి కారడం ఆగిందా? తమ్ముణ్ణి చొక్కా కొలత రాయమనండి.

మీరెక్కిన బస్సు వచ్చిందని మైకులో నేనే చెబుతాను. మీకు వినపడకపోతే మైకుండే అద్దాల గది వైపు చూడండి, నోరంతా తెరిచి చెబుతుంటాను.

అమ్మకూ మీకూ నమస్కారాలతో,
మీ పెద్దమ్మాయి