అమ్మకూడని తాడు

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. "ఇంకా ఏడుస్తున్నావా?" అని అడిగావు. ఎవరేడుస్తున్నారు? ఏడవడానికి తీరిక ఉంటేగా! మన కొండ సామాను షాపు మూసేస్తున్నామని అద్దం మీద ఎర్ర కాగితం అంటించిన రోజు నుంచి మన గుమ్మంలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఇందులో సగం మంది పోయినేడు వచ్చి ఉంటే ఆ కాగితంతో పనే ఉండేది కాదు. ఆ మాట ఒకాయనతో అనేశాను కూడా. ఆయన మొహం అదోలా పెట్టి, కొనాల్సిన టార్చి లైటుకి తోడు ఇంకోటి కొని వెళ్ళాడు. కాబట్టి అప్పుడప్పుడు నోరు జారడం వ్యాపారానికి మంచిదే.

సరుకంతా ఖాళీ చేయించడానికి ఒక కంపెనీ వాళ్ళతో మాట్లాడానని రాశానుగా, వాళ్ళు పంపిన మనిషి వచ్చాడు. నేను ఆయనకి డిస్కౌంటు గారని పేరు పెట్టాను. నున్నటి బూట్లు, మడత నలగని చొక్కా, చేతిలో ధర చీటీలు అంటించే మిషను. కనపడిన ప్రతిదానికీ టపీమని ఒక చీటీ. టెంట్లకీ గాలాలకీ సరే, గోడ గడియారానికీ నేల తుడిచే కర్రకీ కూడా. నిన్న నేను కూర్చుని ఉండగానే "కాస్త లేస్తారా అండీ, కుర్చీ అమ్ముడుపోయింది" అన్నాడు. లేచాను. ఏం చేస్తాను? "ఒక్క మేకు కూడా మిగల్చకండి, గోడల మీద ఉన్నవన్నీ పోవాల్సిందే" అని మొదటి రోజు గొప్పగా చెప్పింది నేనే.

ఆయనకి లొంగనిది ఒక్కటే, నాన్న కట్టిన రాళ్ళ దారి. ఏటి గట్టు నుంచి తెచ్చిన రాళ్ళతో షాపు నడిమధ్యలో నడుమెత్తు కట్టారుగా, దాన్ని కొనేవాడు ఇంకా పుట్టలేదు. ఇప్పటికీ ఎవరు బూట్లు అడిగినా ముందు దాని మీద ఎక్కించి దింపుతున్నాను. "ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు, దిగేటప్పుడు వేలు బూటు కొసకి తగలకూడదు" అని నాన్న గొంతుతోనే చెబుతున్నాను. "తగ్గింపులో కొనేవాళ్ళకి కూడా ఈ పరీక్ష ఎందుకండీ?" అని డిస్కౌంటు గారి గోల. తగ్గింది ధర గానీ వాళ్ళ వేళ్ళు కాదు కదా! నిజానికి మన కొంప ముంచింది ఈ రాళ్ళ దారేనని నాకూ తెలుసు. దీని మీద నడిచి చూసుకోవడం, సైజు తెలుసుకోవడం, గుమ్మం దాటి ఫోనులో ఆర్డరు పెట్టుకోవడం. కొందరు గుమ్మం దాకా కూడా ఆగలేదు.

గోడ మీది నీ తాడు నీకు కావాలన్నావు. గల్లాపెట్టె వెనక ఎప్పట్లాగే వేలాడుతోంది. పడిన మనిషిని ఆపిన తాడు మళ్ళీ ఎవరూ వాడకూడదు, ముక్కలు చేసెయ్యాలని ఊరందరికీ చెప్పిన నాన్న, బండ మీంచి జారిన నిన్ను ఆపిన తాడు దగ్గరికొచ్చేసరికి కత్తి పట్టలేకపోయారు. చుట్ట చుట్టి గోడకి తగిలించుకున్నారు. చివరి రోజు తీసి, నాతోపాటే తెస్తాను.

అవును, వస్తున్నాను. మీ ఇంట్లో వెనక గది వదిన నా కోసం సర్దించిందని తెలిసింది. ఆవిడకి చెప్పు, తన వంటింట్లో నేను వేలు పెట్టనని. పెడితే ఇద్దరం ఒక ఇంట్లో ఉండలేం. నేల తప్ప కొండ లేని ఊళ్ళో నేనేం చేస్తానో నాకే తెలియదు గానీ, కుర్చీ ఎలాగూ అమ్ముడుపోయింది.

నీ
గల్లాపెట్టె

---

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు నచ్చదు. కూర్చుని చదువు. ఫోను చేసి చెప్పవచ్చు గానీ, ఫోనులో నువ్వు ఊ, ఆ తప్ప ఏమీ అనవు, నాకేమో ఇవాళ చాలా చెప్పాలనుంది.

సాయంత్రం షట్టరు దించి వెనక్కి తిరిగితే గోడ బోసిగా ఉంది. నీ తాడు లేదు.

డిస్కౌంటు గారిని అడిగాను. "ఆ తాడాండీ? మధ్యాహ్నం ఇచ్చేశాను. గోడల మీద ఉన్నవన్నీ పోవాలన్నారుగా!" అన్నాడు, మెచ్చుకుంటానేమోనని నా మొహంకేసి చూస్తూ. ఆయన తప్పేముంది? నేను వెనక గదిలో ఎవరికో టెంటు విప్పి చూపిస్తున్నాను. అది అమ్మకూడదని చీటీ రాసి పెట్టాలని మనలో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. మన కళ్ళకి అది తాడే కాదు. గోడ మీద ఫోటో ఎలాగో అదీ అలాగే. అది తాడని చూసింది ఇన్నేళ్ళలో ఆయనొక్కడే.

ఇంకో మాట చెప్పాలి. ఖాళీ గోడ చూడగానే నాకు ముందు కలిగింది భయం కాదు. హాయిగా అనిపించింది. పీడ విరగడైనట్టు. ఆ క్షణం తర్వాతే ఆ తాడుకి ఎవరో ఒకరు వేలాడతారని తట్టింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకు హాయి అని అడుగుతావు. చెబుతాను, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నువ్వు పడిన ఏడాది నాకు పదిహేడు. నాన్న నా కోసం ఒక జత కొండెక్కే బూట్లు తెప్పించారు, నీకు తెలియదు. ఆ రాళ్ళ దారి మీద వాటితో రోజూ ఎక్కి దిగేదాన్ని. నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నాన్న వాటిని తుడిచి, డబ్బాలో పెట్టి, అరలోకి ఎక్కించేశారు. "ఒకరు పడింది చాలమ్మా. నువ్వు గల్లాపెట్టె దగ్గర కూర్చో" అన్నారు. ఆ వారంలోనే వాటిని ఎవరో కొనుక్కెళ్ళారు. బిల్లు రాసింది నేనే. ఆ పైన నువ్వు నన్ను ముద్దుగా గల్లాపెట్టె అని పిలిచినప్పుడల్లా నవ్వాను. నాకది ముద్దుగా లేదన్నయ్యా. ఎప్పుడూ లేదు. కొండ సంగతులు నన్నే అడగాలని ఊరంతా అంటుంది గానీ, గంట దూరంలో ఉన్న ఆ బండని నేను చేత్తో తాకనైనా లేదు. పద్దాకా నా వెనక నీ తాడు వేలాడుతుంటే, దాని ముందు కూర్చుని జనాన్ని కొండకి పంపాను.

సరే, నా గొడవ తర్వాత. తాడు కొన్నది మెడలో ఈల వేసుకున్న పొడుగావిడట. "కొత్తవి మా స్కూలు భరించలేదండీ, పిల్లలకి పాతదైనా చాలు" అందిట. ఈల అనగానే తెలిసిపోయింది, బాలికల స్కూలు డ్రిల్లు టీచరు. మొహం కన్నా నాకు ఆవిడ పాదాలు బాగా గుర్తు. ఎడమది కుడిదాని కన్నా ఒక సైజు పెద్ద. రెండు జతలు విడదీసి ఆవిడకి ఒక జత చేశాను. "మిగిలిన జత ఎవరు కొంటారు?" అని అప్పట్లో నువ్వు ఉత్తరంలో దెప్పావు. ఎవరూ కొనలేదు. ఇంకా ఇక్కడే ఉంది.

స్కూలుకి పరిగెత్తాను. తాళం. "మేడం రేపు పొద్దున్నే పిల్లల్ని తీసుకుని బండ దగ్గరికి వెళ్తారండి. ఫోను నంబరా? నాకెవరిస్తారండీ!" అన్నాడు వాచ్‌మన్. ఆవిడ ఇల్లెక్కడో ఆయనకీ తెలియదు, వీధిలో అడిగినవాళ్ళెవరికీ తెలియదు. పోలీసులకి చెబితే "తాడు పోయిందా అమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. పోలేదు, అమ్మేశామని చెప్పేసరికి నన్ను చూసి జాలిపడ్డారు.

తెల్లారేసరికి డిస్కౌంటు గారు కారు తెస్తానన్నాడు. ఆయన మొహంలో కూడా నెత్తురు చుక్క లేదు. వాళ్ళ కన్నా ముందు అక్కడికి చేరాలి. చేరతాను.

గల్లాపెట్టె

---

అన్నయ్యా,

ముందు నీ గుండె కుదుటపడే మాట. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను, మధ్యలో అడ్డం రాకు.

బయల్దేరేముందు షాపులో మూడు వస్తువులు తీసుకున్నాను. ఒక కొత్త తాడు, గంపలో మిగిలిన ఈలల్లో ఒకటి, ఎవరూ కొనని ఆ జోడు. ఎడమది నా సైజే, కుడిది వదులు. రెండు మేజోళ్ళు తొడిగితే అదీ సరిపోయింది. "ఈ మూడింటికీ బిల్లు...?" అని మొదలుపెట్టాడు డిస్కౌంటు గారు. నేను చూసిన చూపుకి ఆ మాట అక్కడే మింగేశాడు.

దారిలో టైరు పంక్చరు. మార్చేసరికి పొద్దెక్కింది. కారు వెళ్ళే దారి అయిపోయేసరికి స్కూలు వ్యాను అక్కడ ఖాళీగా నిలబడి ఉంది. అక్కడి నుంచి నడకే. అంతా రాళ్ళు, ఎక్కడం. అన్నయ్యా, నేను ఆగలేదు. ఎక్కడ కాలు పెట్టాలో నా పాదాలకి ముందే తెలుసు. అన్నేళ్ళు ఆ రాళ్ళ దారి మీద జనాన్ని నడిపించడానికి వాళ్ళ పక్కనే ఎన్నిసార్లు ఎక్కి దిగి ఉంటాను! వెనక డిస్కౌంటు గారు నున్నటి బూట్లతో రెండడుగులు ఎక్కి ఒకడుగు జారుతూ, భుజాన తాడు చుట్టతో, "అమ్మా, కాస్త ఆగండమ్మా!" అని మొత్తుకుంటున్నాడు.

మలుపు తిరిగేసరికి బండ కనిపించింది. దాని పైన కొక్కెం మీదుగా నీ తాడు. కింద ఒక చివర టీచరు పట్టుకుంది. రెండో చివర ఒక పిల్ల నడుముకి ఉంది. ఆ పిల్ల రెండు కాళ్ళూ అప్పటికే బండ మీద ఉన్నాయి.

అరుద్దామంటే ఊపిరి లేదు. ఉన్న కాస్త ఊపిరీ ఈలలో ఊదాను. మూడుసార్లు. మూడు ఈలలు వినిపిస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలని మన షాపులో ఈల కొన్న ప్రతివాళ్ళకీ నాన్న చెప్పేవారు, ఆ తర్వాత నేను చెప్పాను. టీచరుకీ చెప్పాను. ఆవిడ చెయ్యెత్తింది. పిల్ల బల్లిలా అతుక్కుపోయింది. "దించండి! ఆ తాడు కాదు!" అన్నాను. పిల్ల నేల మీద కాలు పెట్టేదాకా నాకు నేల కనిపించలేదు.

తాడు నిడివంతా చేతిలోంచి పోనిచ్చాను. పైకి చూడ్డానికి నిగనిగలాడుతోంది. ఒకచోట మాత్రం వేళ్ళ మధ్య మెత్తగా నలిగింది, లోపల ఏమీ లేనట్టు. నిన్ను ఆపింది అక్కడే అయ్యుంటుంది. అక్కడ వంచితే కాగితంలా మడత పడింది. చూసి టీచరు రాతి మీద కూలబడింది. "కొత్త చోట కొన్నవి పదిసార్లు చూస్తానండీ. ఇది మీ షాపు గోడ మీది తాడు కదా అని చూడలేదు" అంది. అన్నయ్యా, షాపు మూసేస్తున్నామని మొదటిసారి నాకు ఏడుపొచ్చింది అప్పుడే.

తర్వాత ఆవిణ్ణి కత్తి అడిగాను. నాన్న చెయ్యలేకపోయిన పని నేను చేశాను. నిన్ను బతికించిన తాడని తెలుసు. అయినా మూరకొక ముక్క చొప్పున కోసేశాను. పిల్లలందరూ చుట్టూ నిలబడి చూశారు, ఎందుకో చెప్పాను, ఇక వాళ్ళు జన్మలో మర్చిపోరు. కొత్త తాడు టీచరు చేతిలో పెట్టాను. డిస్కౌంటు గారు చెమట తుడుచుకుంటూ "దీనికి పూర్తి తగ్గింపు" అన్నాడు. ఆయనలో మనిషి ఉన్నాడు, చీటీల కింద కనిపించలేదంతే.

కొత్త తాడు పైన బిగించాక టీచరు అంది, "మీరు ముందు ఎక్కి చూపించండి, పిల్లలకి ధైర్యంగా ఉంటుంది." నాకు ఎక్కడం రాదని, ఇదే మొదటిసారి రావడమని చెప్పేశాను. అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందనుకోలేదు. ఎవరూ నవ్వలేదు. బండ మీంచి దిగిన ఆ పిల్లే నా నడుముకి బెల్టు బిగించి, "ఎక్కేటప్పుడు మడమ లేవకూడదండీ" అంది. మన షాపు మాట! వాళ్ళ టీచరు నేర్పిందట.

ఎక్కాను. మొదటిసారి మన షాపు కప్పు ఎత్తు దాకా వెళ్ళి, కిందికి చూసి దిగిపోయాను. రెండోసారి ఇంకాస్త పైకి. శిఖరం దాకా వెళ్ళానని రాయాలని ఉంది గానీ, వెళ్ళలేదు. వెళ్తాను.

కాబట్టి నేను మీ ఊరు రావడం లేదు. షాపు మాత్రం మూతపడుతుంది, అందులో మార్పు లేదు. అరలు పోయాయి, సరుకు పోయింది, అద్దం మీద ఎర్ర కాగితం కూడా చివరికి ఒకడు అడిగి పట్టుకెళ్ళాడు. రాళ్ళ దారిని మాత్రం మేస్త్రీని పిలిచి విడదీయించి, మన ఇంటి ముందు వసారాలో మళ్ళీ కట్టిస్తున్నాను. జనం ఫోనులో తెప్పించుకున్న బూట్లు కరుస్తున్నాయని ఏడుస్తున్నారు కదా, పట్టుకుని రమ్మంటాను. ఎక్కించి, దింపి, ఉంచుకోవాలో తిప్పి పంపాలో చెబుతాను. తాళ్ళు, బెల్టులు, టెంట్లు తెస్తే పట్టి చూసి పనికొస్తాయో లేదో చెబుతాను. ఇన్నాళ్ళూ ఊరికే నడిచారు. ఇక నడకకి రుసుము కట్టాలి. టీచరు అప్పుడే స్కూలు సామానంతా మూటగట్టి తెచ్చేసింది. ఆదివారాలు మాత్రం సెలవు, నాకు బండ దగ్గర పని ఉంటుంది.

దీంతోపాటు నీ తాడు ముక్క ఒకటి పంపుతున్నాను. మూరెడే. గోడకి తగిలించకు. బట్టలారేసుకోవడానికి కూడా పనికిరాకూడదనే అంత చిన్నది పంపాను. వెనక గది సర్దినందుకు వదినకి నా బదులు నువ్వు దండం పెట్టు. వీలైతే ఇద్దరూ రండి. నీ పాదం సైజు నాకు గుర్తే, అడగక్కర్లేదు. నువ్వు మళ్ళీ బండ ఎక్కనక్కర్లేదు. కింద నిలబడి తాడు పట్టుకో, చాలు. నేను ఎక్కుతాను.

అన్నట్టు, గల్లాపెట్టె కూడా నిన్న అమ్ముడుపోయింది. ఇక ఆ పేరుతో పిలవకు.

నీ చెల్లెలు